కార్డియో ఏరియాకు 20 ఎంఎం రబ్బరు టైల్ ఎందుకు వద్దంటున్నానంటే

ముందుగా మీ పరిస్థితి క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఒక కమర్షియల్ బిల్డింగ్ రెండో అంతస్తులో జిమ్ పెడుతున్నారు. కార్డియోకు 800 చదరపు అడుగులు వదిలారు. ఐదు ట్రెడ్‌మిల్స్, మూడు క్రాస్ ట్రైనర్లు, నాలుగు స్పిన్ బైకులు, రెండు రోయింగ్ మెషిన్లు వస్తాయి. ఉన్న నేల చాలావరకు విట్రిఫైడ్ టైల్స్. బాల్కనీని లోపలికి కలుపుకున్న చోట మాత్రం కొత్త కాంక్రీట్. కింద అంతస్తులో డెంటల్ క్లినిక్. ఒక డీలర్ 20 ఎంఎం రబ్బరు టైల్ వేయమన్నాడు, మందంగా ఉంటే మోకాళ్లకు మంచిదని, కిందికి సౌండ్ పోదని చెప్పాడు. రెండో ఆయన 8 ఎంఎం చాలన్నాడు. మూడో ఆయన సగం రేటుకే పజిల్ మ్యాట్లు (ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరికించే మెత్తటి ఫోమ్ చాపలు) ఇస్తానన్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

రెండో ఆయన మాట వినండి. కార్డియో ఏరియాకు 8 లేదా 10 ఎంఎం మందం సరిపోతుంది. కానీ ఆ టైల్ గట్టిగా, బరువుగా ఉండాలి, దాని కింద నేల చదునుగా ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత మందం వేసినా డబ్బు వృథా. నేను జిమ్ ఫ్లోరింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మెషిన్లు నెలకోసారి మొరాయిస్తున్నాయని పిలిస్తే వెళ్లి చూసినప్పుడు, తప్పు మెషిన్‌లో కాకుండా దాని కింద ఉన్న మెత్తటి నేలలో బయటపడటం తరచుగా చూస్తుంటాను.

మోకాళ్ల విషయం ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అమ్మేవాళ్లు ఎక్కువగా వాడే మాట ఇదే. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే మనిషి పాదం నేలను తాకదు. అది బెల్టును, దాని కిందున్న పలకను, అంటే డెక్‌ను తాకుతుంది. కుదుపును తగ్గించే రబ్బరు బుష్‌లు, స్ప్రింగులు ఆ డెక్ కిందే ఉంటాయి. సైకిల్ తొక్కేవాడి పాదం పెడల్ మీద ఉంటుంది, క్రాస్ ట్రైనర్ వాడేవాడి పాదం దాని ఫుట్ ప్లేట్ మీద ఉంటుంది. నేల మీద మీరు 8 ఎంఎం వేసినా 40 ఎంఎం వేసినా ఆ మోకాలికి ఏ తేడా తెలియదు. మందం పనికొచ్చేది బరువులు కింద పడేసే చోట, గెంతులు వేసే చోట. డంబెల్స్ దగ్గర 15 నుంచి 20 ఎంఎం, డెడ్‌లిఫ్ట్ చేసే చోట ఇంకా ఎక్కువ వేయండి, అక్కడ నేనే పట్టుబట్టి వేయిస్తాను.

మెత్తటి మందపాటి టైల్ మీద మెషిన్ పెడితే ఏమవుతుందో చూడండి. కమర్షియల్ ట్రెడ్‌మిల్ బరువు 150 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది. మోటార్ ముందువైపు ఉంటుంది కాబట్టి ఆ బరువులో ఎక్కువ భాగం ముందు కాళ్ల మీదే పడుతుంది. పైన 80 కిలోల మనిషి పరిగెడుతుంటే ప్రతి అడుగుకూ అతని బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ పడుతుంది. ఇదంతా అరచేతిలో పట్టేంత చిన్న మెషిన్ పాదాల మీదికి వస్తుంది. టైల్ మెత్తగా ఉంటే ముందు కాళ్లు కొంచెం దిగుతాయి, వెనకవి దిగవు. లేదా ఎడమ కాలు దిగి కుడి కాలు నిలబడుతుంది. ఫ్రేమ్ మెలి తిరుగుతుంది, బెల్టు ఒక పక్కకు జరుగుతుంది, దాని అంచు పీచులు పీచులుగా లేస్తుంది. సర్వీస్ అబ్బాయి వచ్చి బోల్టు తిప్పి బెల్టు మధ్యకు తెస్తాడు. కొద్ది రోజులకే మళ్లీ అదే కథ. స్పిన్ బైకులకు ఇంకా కష్టం. లేచి నిలబడి తొక్కుతుంటే అవి ఎడమకూ కుడికీ ఊగుతాయి. మెత్తటి నేల ఆ ఊపును పెంచుతుంది, బోల్టులు వదులవుతాయి, కిర్రు కిర్రుమని చప్పుడు మొదలవుతుంది.

పజిల్ మ్యాట్ల గురించి ఇక వేరే చెప్పక్కర్లేదు. అవి ఈవీఏ ఫోమ్. నాలుగు నెలల్లో మెషిన్ పాదాల కింద గుంటలు పడి అలాగే ఉండిపోతాయి. స్ట్రెచింగ్ చేసుకునే మూలకు వేసుకోండి, మెషిన్ల కిందికి మాత్రం వద్దు.

ఇప్పుడు మంచి టైల్‌ను ఎలా గుర్తుపట్టాలి? మన మార్కెట్లో దొరికే జిమ్ టైల్స్‌లో ఎక్కువ భాగం పాత టైర్లను పొడి చేసి, ఆ నల్లటి పలుకులను పాలీయూరిథేన్ బైండర్‌తో (అతికించే జిగురు) కలిపి, వేడిగా నొక్కి తయారు చేసినవి. పైన కనిపించే నీలం, బూడిద, ఎరుపు చుక్కలు ఈపీడీఎం అనే వేరే రబ్బరు. బైండర్ ఖరీదైన సరుకు. దాన్ని తగ్గించి, తక్కువ ఒత్తిడితో నొక్కితే టైల్ చవకగా తయారవుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది బరువులో.

కాబట్టి కాటా మీద పెట్టండి. అరమీటరు చదరం, 10 ఎంఎం మందం ఉన్న టైల్ ఒకటి రెండుంపావు కిలోలకు తగ్గకూడదు, రెండున్నర ఉంటే చాలా మంచిది. అదే సైజులో 8 ఎంఎం అయితే 1.8 నుంచి 2 కిలోలు ఉండాలి. మీటరు చదరం టైల్ అయితే వీటికి నాలుగు రెట్లు. లెక్క తేలికే: గట్టిగా నొక్కిన రబ్బరు టైల్ ఒక ఘనపు మీటరు దాదాపు 900 నుంచి 1000 కిలోలు తూగుతుంది. 10 ఎంఎం టైల్ కిలోన్నర, కిలో ముప్పావే తూగితే లోపల గాలి ఎక్కువ, బైండర్ తక్కువ అని అర్థం. రాణీగంజ్‌లో గానీ ఇంకెక్కడ గానీ శాంపిల్ తీసుకున్నప్పుడు పక్కనున్న కిరాణా కొట్టుకు తీసుకెళ్లి తూచినా తప్పులేదు. రేట్లు పోల్చేటప్పుడు కూడా చదరపు అడుగుకు ఎంత అనే కాకుండా కిలోకు ఎంత పడుతుందో వేసుకోండి. చవకగా కనిపించిన కొటేషన్ కిలో లెక్కన ఖరీదైనదని తేలిన సందర్భాలు ఉన్నాయి. గట్టిదనానికి షోర్ ఏ అనే కొలత ఉంటుంది. కార్డియోకు అది 60 దగ్గర ఉండాలి. డీలర్ దగ్గర ఆ కాగితం ఉంటే అడిగి తీసుకోండి.

తూచాక ఆ శాంపిల్‌ను రెండుగా మడవండి. మడత దగ్గర పగుళ్లు వచ్చినా, పలుకులు రాలినా వద్దు. రూపాయి బిళ్ల అంచుతో గట్టిగా గీకండి, నల్లటి పొడి రాలకూడదు. ఇది అందం కోసం చెప్పడం లేదు. రాలిన పలుకులను ట్రెడ్‌మిల్ మోటార్ చల్లబడటానికి పెట్టిన ఫ్యాన్ లోపలికి లాగుతుంది. అవి బెల్టు కిందికి వెళ్లి, బెల్టు జారడానికి వేసే సిలికాన్ ఆయిల్‌తో కలిస్తే డెక్‌ను గీరేస్తాయి. తర్వాత తడిపిన తెల్ల గుడ్డతో టైల్‌ను రుద్దండి. కొంచెం నలుపు అంటడం మామూలే. గుడ్డ మొత్తం మసిగుడ్డలా మారితే మాత్రం మీ మెంబర్ల తెల్ల షూస్ గతి కూడా అంతే.

వాసన గురించి కూడా అడిగారు. ఏసీ వేసి తలుపులు మూసి ఉంచే హాల్లో ఇది చిన్న విషయం కాదు. టైర్ రబ్బరులో గంధకం, నూనెలు ఉంటాయి కాబట్టి వాసన పూర్తిగా లేని టైల్ దొరకదు. కానీ మంచిదానికీ చెడ్డదానికీ చాలా తేడా ఉంటుంది. చిన్న ముక్కను మూత బిగుతుగా పట్టే స్టీల్ డబ్బాలో పెట్టి మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఉంచండి. మూత తీయగానే వచ్చే వాసన మీ జిమ్ మే నెలలో, పొద్దున షట్టర్ ఎత్తగానే ఎలా ఉంటుందో చెప్పేస్తుంది. తల తిప్పుకునేంత ఘాటుగా ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. తెచ్చాక కూడా కట్టలు విప్పి, కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి కొన్ని రోజులు ఆరనివ్వండి. ఓపెనింగ్ ముందురోజు రాత్రి టైల్స్ పరిచే పద్ధతి మన ఊళ్లో చాలా ఉంది, దయచేసి అలా చేయకండి. మొదటి రోజు వచ్చినవాళ్లు ఆ వాసన గుర్తుపెట్టుకుంటారు.

మీ హాల్ పడమటి వైపు అంతా గాజు అన్నారు. ఆ వైపు సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. రంగు కలిపి చేసిన చవక టైల్ అక్కడ త్వరగా వెలిసిపోతుంది. ఈపీడీఎం చుక్కల రంగు నిలుస్తుంది. నల్ల టైల్‌లో పది ఇరవై శాతం బూడిద రంగు ఈపీడీఎం ఉన్నది తీసుకుంటే దుమ్ము కూడా తక్కువ కనిపిస్తుంది. పూర్తి నలుపు ఫొటోల్లో బాగుంటుంది, రోజూ తుడిచేవాళ్లకు మాత్రం నరకం.

ఇక నేల. నా దృష్టిలో మీ బడ్జెట్‌లో మొదటి వాటా దీనికి పోవాలి. రెండు మీటర్ల అల్యూమినియం బద్ద ఒకటి తీసుకుని, మెషిన్లు వచ్చే ప్రతి చోటా అటూ ఇటూ పెట్టి చూడండి. బద్ద కింద 3 ఎంఎం కన్నా ఎక్కువ సందు కనిపిస్తే అక్కడ సెల్ఫ్ లెవెలింగ్ (పోయగానే తనంతట తానే చదునయ్యే మిశ్రమం) చేయించాలి. 8 ఎంఎం రబ్బరు ఆ గుంటను దాచదు, దాని ఆకారంలోకే వంగుతుంది. బాల్కనీ కలిపిన చోట ఇంకో చిక్కు ఉంటుంది. వాన నీళ్లు బయటికి పోవాలని మేస్త్రీలు బాల్కనీకి వాలు పెడతారు. మీరు వేయించిన కొత్త కాంక్రీట్ ఆ వాలును సరిచేసిందో, దాని మీదే పోశారో రసమట్టం పెట్టి చూడండి. వాలు మిగిలి ఉంటే అక్కడ ట్రెడ్‌మిల్ పెట్టొద్దు.

ఆ కొత్త కాంక్రీట్‌లో చెమ్మ ఎంత ఉందో కూడా చూడాలి. అడుగున్నర చదరం పాలిథిన్ షీట్ ఒకటి పరిచి, నాలుగు వైపులా టేప్ గట్టిగా అంటించి ఒక రోజంతా వదిలేయండి. ఎత్తి చూస్తే లోపల నీటి బిందువులు ఉన్నా, కాంక్రీట్ రంగు ముదిరినా ఇంకా ఆరలేదని అర్థం. ఆ స్థితిలో గమ్ పెట్టి రబ్బరు అంటిస్తే కొన్నాళ్లకు గమ్ వదిలేస్తుంది, కింద ముక్కిన వాసన పడుతుంది. రెండో అంతస్తు కాబట్టి మీకు నేల నుంచి పైకి వచ్చే చెమ్మ బాధ లేదు. సెల్లార్లో జిమ్ పెట్టాలనుకునేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: 2020 అక్టోబరు వానలకు మన నగరంలో సెల్లార్లు ఎలా నిండాయో గుర్తు తెచ్చుకోండి. అలాంటి చోట నేలంతా గమ్‌తో అంటించకండి, ఎత్తి ఆరబెట్టుకునేలా, అంచులు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ఇంటర్‌లాక్ టైల్సే వేసుకోండి.

విట్రిఫైడ్ టైల్స్‌ను పగలగొట్టాల్సిన పనిలేదు. కానీ ఒక ఇనప కడ్డీతో ప్రతి టైల్‌నూ తట్టి వినండి. డొల్లగా మోగినవాటి కింద సిమెంట్ సరిగ్గా నిండలేదు. దాని మీద ట్రెడ్‌మిల్ పాదం పడితే రబ్బరు కిందే టైల్ పగులుతుంది, మీకు తెలియను కూడా తెలియదు, మెషిన్ వంగాక బయటపడుతుంది. అలాంటివి తీయించి మళ్లీ వేయించండి. విట్రిఫైడ్ నునుపుగా ఉంటుంది కాబట్టి దాని మీద గమ్ సరిగ్గా పట్టదు. పట్టాలంటే గ్రైండింగ్ చేసి గరుకు చేయాలి. మీ హాల్‌కు ఇంటర్‌లాక్ టైల్స్ గమ్ లేకుండా పరిచి, గుమ్మం దగ్గర, అంచుల్లో మాత్రం పట్టించడం చాలు.

రోల్ వేయాలా, టైల్ వేయాలా అంటే, మామూలుగా పెద్ద కార్డియో హాళ్లకు నేను రోల్ వైపే మొగ్గుతాను, అతుకులు తక్కువ. కానీ 1.2 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవున్న 8 ఎంఎం రోల్ ఒక్కటే 95 కిలోల దాకా ఉంటుంది. మీ బిల్డింగ్ లిఫ్ట్ చిన్నదన్నారు. మెట్ల మీదుగా మోయించే ఖర్చు, మెలి తిరిగితే పడే ముడతలు చూసుకుంటే మీకు మీటరు చదరం ఇంటర్‌లాక్ టైల్సే మేలు. అరమీటరువి వద్దు, అతుకులు రెట్టింపవుతాయి. పరచకముందే కాగితం మీద గళ్లు గీసుకుని మెషిన్ల పాదాలు ఎక్కడ పడతాయో గుర్తు పెట్టండి. పాదం అతుకు మీద పడకుండా గళ్లను జరుపుకోవచ్చు. ట్రెడ్‌మిల్ వెనక కనీసం 2 మీటర్లు, రెండు పక్కలా అరమీటరు ఖాళీ వదలాలన్నది భద్రతా నియమం. మనిషి జారిపడితే వెనక గోడకో, వేరే మెషిన్‌కో కొట్టుకోకూడదు. ఆ లెక్క కూడా అప్పుడే చూసుకోండి.

కరెంటు పాయింట్లు టైల్స్ కన్నా ముందే పూర్తి కావాలి. ఒక్కో ట్రెడ్‌మిల్‌కు విడిగా లైన్, సరైన ఎర్తింగ్, కనీసం 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. వైరును రబ్బరు కింద నుంచి లాగే పని అస్సలు చేయించవద్దు. పైన మెషిన్ నొక్కుతుంది, వేడి బయటికి పోదు.

ఇప్పుడు డెంటల్ క్లినిక్ సంగతి. మీకు నిజంగా టెన్షన్ పెట్టాల్సింది ఇదే, 20 ఎంఎం అమ్మినాయన తేలిగ్గా చెప్పిందీ ఇదే. రబ్బరు ఏదైనా వస్తువు పడితే వచ్చే టక్ మనే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. పరుగు వల్ల వచ్చే ధబ్ ధబ్ అనే లోతైన అదురు వేరు. అది స్లాబ్‌నే కదిలించి కిందికి దిగుతుంది. మామూలు జిమ్ టైల్‌ను 8 నుంచి 20 ఎంఎం చేసినంత మాత్రాన అది ఆగదు. కింద పంటికి డ్రిల్లింగ్ చేస్తున్న డాక్టర్ గారికి పైకప్పు అదురుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

దీనికి మొదటి మందు మెషిన్ పెట్టే చోటే. గది మధ్యలో స్లాబ్ ఎక్కువ ఊగుతుంది, బీమ్‌ల మీద, పిల్లర్ల దగ్గర తక్కువ ఊగుతుంది. ట్రెడ్‌మిల్స్ వరసను బీమ్ వెంబడి పెట్టండి, బైకులు, రోయింగ్ మెషిన్లు మధ్యకు రావచ్చు. రెండోది, ఆ వరస కింద మాత్రం వేరే అమరిక చేయించండి: కింద శబ్దం పీల్చే మెత్తటి రబ్బరు షీట్, దాని మీద 19 ఎంఎం బీడబ్ల్యూఆర్ (నీటిని తట్టుకునే రకం) ప్లైవుడ్, ఆ పైన మీ 8 ఎంఎం గట్టి టైల్. ఇక్కడ మెత్తటి పొర ఎందుకు పనిచేస్తుందంటే, ప్లైవుడ్ పాదాల బరువును విశాలంగా పంచుతుంది కాబట్టి ఏ పాదమూ విడిగా దిగదు. ఈ ప్లాట్‌ఫామ్ గోడకు తగలకుండా ఒక వేలు సందు వదలండి, తగిలితే అదురు గోడలోకి పాకుతుంది. ఎత్తు ఒక అంగుళం పైన పెరుగుతుంది కాబట్టి దిగే వైపు ఏటవాలు అంచు పట్టీ తప్పనిసరి.

అన్నిటికన్నా ముందు ఒక పరీక్ష చేయండి. ఒక ట్రెడ్‌మిల్ తెప్పించి, బరువున్న మనిషిని గంటకు పది కిలోమీటర్ల వేగంతో పరిగెత్తించి, మీరు కింద క్లినిక్‌లో కూర్చోండి. డాక్టర్ గారిని కూడా అడిగి వినిపించండి. తర్వాత గొడవపడేకన్నా ఇప్పుడే తెలియడం మంచిది.

స్లాబ్ బలం గురించి స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో ఒక కాగితం రాయించుకోండి. భవనాల మీద పడే భారాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం ఇళ్ల గదుల స్లాబును చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల భారానికే లెక్క కడతారు. జిమ్‌కు అది చాలదు, మీ బిల్డింగ్ ఏ లెక్కన కట్టారో ఇంజనీర్ చూడాలి. ఇందులో రబ్బరు బరువు కూడా కలుస్తుంది. మీ 800 చదరపు అడుగులు అంటే 74 చదరపు మీటర్లు. 10 ఎంఎం వేస్తే టైల్సే ముప్పావు టన్ను దాకా వస్తాయి, 20 ఎంఎం వేస్తే ఒకటిన్నర టన్ను.

పరిచే రోజున టైల్స్ లారీలోంచి దింపి వెంటనే వేయకూడదు. ఒకటి రెండు రోజులు ఆ గదిలోనే ఉంచితే అక్కడి వేడికి అలవాటు పడతాయి. రబ్బరు వేడికి సాగుతుంది. చలికాలంలో గోడ నుంచి గోడకు బిగించి వేస్తే, ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఏసీ ఆపాక అతుకుల దగ్గర ఉబ్బుతుంది. గోడల వెంట 5, 6 ఎంఎం వదిలి స్కర్టింగ్‌తో కప్పండి. మంటలకు సంబంధించిన టెస్ట్ రిపోర్ట్ కూడా డీలర్‌ను అడగండి. టైర్ రబ్బరు అంటుకుంటే పొగ విపరీతంగా వస్తుంది కాబట్టి బయటికి పోయే దారి, మెట్ల దగ్గర ఏ రిపోర్టూ లేని సరుకు వేయకండి.

తుడిచే అమ్మాయికి మొదటి రోజే చెప్పాల్సినవి కొన్ని. ఫినాయిల్ వద్దు, అందులోని నూనె రబ్బరు మీద జిడ్డు పొరలా నిలుస్తుంది. బాత్రూమ్ యాసిడ్, థిన్నర్, కిరోసిన్ దగ్గరికే రానివ్వద్దు. బకెట్ నీళ్లలో కొద్దిగా ఘాటు లేని లిక్విడ్ సోప్, బాగా పిండిన మాప్, అంతే. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి నల్ల టైల్ మీద ఆరాక తెల్లటి పొర కడుతుంది. నల్లా నీళ్లు వస్తే వాటితోనే తుడిపించండి. ఆర్వో వాటర్ ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్లు వాడుకుందామని కొందరు బకెట్లో పట్టి పెడతారు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ, నేల ఇంకా తెల్లబడుతుంది. ట్రెడ్‌మిల్ బెల్టుకు సిలికాన్ వేసేటప్పుడు పక్కన పాత గుడ్డ పరవమనండి. ఆ చుక్కలు పడిన చోట చెమట కూడా తోడైతే కాలు జారుతుంది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు మీటరు టైల్స్ 80 చెప్పండి, కోతలు అందులోనే సర్దుకుంటాయి. ఇంకో నాలుగు అదే బ్యాచ్‌లోవి అదనంగా తీసుకుని నేల మీద పడుకోబెట్టి దాచండి, గోడకు నిలబెడితే వంగిపోతాయి. కొటేషన్‌లో రవాణా, పైకి మోయడం, అంచు పట్టీలు, జీఎస్టీ కలిశాయో లేదో రాయించుకోండి. బీమ్‌లు ఎక్కడున్నాయో చూపించే స్లాబ్ డ్రాయింగ్ బిల్డింగ్ ఓనర్ దగ్గర దొరికితే ఇక్కడ పెట్టండి, ట్రెడ్‌మిల్ వరస ఎటు తిప్పాలో చూసి చెబుతాను.